ముగ్గురు పెద్దలు, ఒక చెంబు నీళ్ళు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పైపుల సైజులూ, పంపుల లెక్కలూ నన్నడగరు. అవన్నీ వాళ్ళ ఫోన్లలోనే ఉన్నాయి. జనం మన మాట ఎందుకు వినరు మేడం, అని అడుగుతారు. వినేట్టు చెప్పడం ఎలాగో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకూ తెలిసిరాలేదు. ఒక్కసారి మాత్రం ఒక ఊరు ఊరంతా నేను చెప్పిన పని చేసింది. నేను చెప్పినందుకైతే కాదు. ఆ సంగతి చెప్తాను, కాఫీ చల్లారకముందే తాగండి.

నేను పల్లెలకి మంచినీళ్ళిచ్చే శాఖలో ఏఈగా చేశాను. రిటైరవటానికి కొన్నేళ్ళ ముందు ఒంగోలుకి పడమరగా ఉన్న ఒక ఊరు నా పరిధిలోకి వచ్చింది. కనుచూపు మేర మిరప, మిరప అయిపోతే పత్తి. ఆ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. దానికి ల్యాబు రిపోర్టు అక్కర్లేదు, మనుషులు నవ్వితే తెలుస్తుంది. చిన్నపిల్లల పళ్ళ మీద కూడా గోధుమరంగు చారలు. నడివయసు దాటినవాళ్ళు కొందరు పక్కకి చూడాలంటే మెడ తిప్పలేరు, ఒళ్ళంతా తిప్పాలి.

అలాంటి ఊరికి సాగర్ కాలువ నీళ్ళు తెచ్చాం. చెరువులో నిలవేసి, వడగట్టి, ఊరవతల దిబ్బ మీద ట్యాంకు కట్టి, వీధి వీధికీ కుళాయి పెట్టాం. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకోటి లేదు. కుళాయిలు తిప్పిన రోజు నేను కొత్త చీర కట్టుకుని వెళ్ళాను.

మొదటి నాలుగు రోజులూ కొత్త పైపుల తుప్పు కలిసి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. ఆ తర్వాత తేటపడ్డాయిగానీ బ్లీచింగ్ వాసన వదల్లేదు. ఇది ఎక్కడైనా జరిగేదే. ఆ ఊళ్ళో మాత్రం తీర్పు అయిపోయింది. ట్యాంకుకి వాడింది దొంగ సిమెంటు అనీ, అది నీళ్ళలో దిగుతోందనీ, తాగితే పేగులు గట్టిపడతాయనీ చెప్పుకున్నారు. ఆ నీళ్ళతో గేదెల్ని కడిగారు, మందు కొట్టే డ్రమ్ములు కడిగారు. తాగటానికి మాత్రం బిందె పట్టుకుని మళ్ళీ పాత బోరు దగ్గరికే పోయారు.

మా ట్యాంకు ఆపరేటరు ఆ ఊరివాడే. రోజూ తన చేత్తో బ్లీచింగ్ కలిపి, తన చేత్తో మోటారు వేసి, మధ్యాహ్నం అన్నంలోకి ఇంటి నుంచి బోరు నీళ్ళ బాటిలు తెచ్చుకునేవాడు. ఇదేంటయ్యా అని అడిగితే, నీళ్ళు మంచివేనని తనకీ తెలుసుననీ, ఇంట్లో ఆవిడతో ఆ మాట అనే ధైర్యం లేదనీ చెప్పాడు.

ఆ ఊరివాళ్ళని తప్పుపట్టే ముందు వాళ్ళ చరిత్ర కొంచెం తెలియాలి. ఎమ్మెల్యేగారు ఓట్లకి వచ్చినప్పుడల్లా ఇదే నీళ్ళ పథకానికి కొబ్బరికాయ కొట్టారు. పథకం రాలేదు, కొబ్బరిచిప్పలు మిగిలాయి. ఆ ఊరి షావుకారుకి పక్క టౌనులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది, విత్తనాల వ్యాపారమూ ఉంది. ఒక ఏడు ఆయన ఇచ్చిన విత్తనాలు భుజాలెత్తు పెరిగాయి, పచ్చగా నిగనిగలాడాయి, కాయ మాత్రం కాయలేదు. విత్తనం మంచిదే, మీ నేల మంచిది కాదన్నాడాయన. ఇక కొండ కింద ఆశ్రమం స్వామీజీ. పేదలకి అన్నదాన సత్రం కడతానంటే ఊరంతా, చర్చికి వెళ్ళేవాళ్ళతో సహా, తట్టలు మోసింది. సత్రం లేచాక దానికి ఏసీ పెట్టి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చారు. అన్నదానం జరుగుతూనే ఉంది, పెళ్ళి కార్డు ఉన్నవాళ్ళకి.

ఇవన్నీ తెలిసి కూడా మా పై అధికారి డి.ఈ.గారు ఆ ముగ్గుర్నే పిలవాలన్నారు. ఆయన చాలా మంచి మనిషి. షామియానా వేసి, దండలు తెప్పించి, మైకు పెడితే తీరని సమస్య ఉండదని ఆయన గట్టి నమ్మకం. "పెద్దలు ముగ్గురూ స్టేజీ మీద తాగి చూపిస్తే జనం అదే తాగుతారమ్మా" అన్నారు. ఆ ముగ్గురూ చూపిస్తే నేనైతే పాలు కూడా తాగనని నాకు అనాలనిపించింది. అనలేదు. అవి ఏడాది చివర రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రోజులు.

స్కూలు ముందు సభ పెట్టాం. బిర్యానీ పొట్లాలు ఉంటాయని చాటింపు వేయించాం కాబట్టి జనం బాగానే వచ్చారు. ముందు వరసలో మిరపకోత ముఠా ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకో మేస్త్రమ్మ ఉంది. ఎండలో నల్లబడ్డ బలమైన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆవిడే, మిగిలిన రోజుల్లో కూలి రేటు దగ్గర రైతుతో బేరమాడేదీ ఆవిడే. ఆవిడ భర్త ఫ్లోరైడుతో నడుం వంగిపోయి ఇంటి అరుగుకే పరిమితమయ్యాడు. ఆవిడ కాదంటే ఊళ్ళో ఆడవాళ్ళు బిందె కదపరని నాకు అప్పటికే అర్థమైంది.

ఎమ్మెల్యేగారు తాను ఈ నీళ్ళ కోసం ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపిందీ చెప్పి, టేబుల్ మీద ఉన్న వెండి గ్లాసు ఎత్తారు. మేస్త్రమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఆ గ్లాసులో నీళ్ళు ఎక్కడియ్యి?"

మీ ట్యాంకువేనమ్మా అన్నారాయన నవ్వుతూ. టేబుల్ కింద మినరల్ వాటర్ బాటిల్ సగం ఖాళీగా ఉంది. ముందు వరసలో నేల మీద కూర్చున్నవాళ్ళకి స్టేజీ మీది కన్నా స్టేజీ కిందే బాగా కనపడుతుందని మా డి.ఈ.గారికి తట్టలేదు.

మేస్త్రమ్మ స్కూలు కుళాయి దగ్గరికి నడిచి, అక్కడున్న చెంబు కడిగి, నింపి తెచ్చి స్టేజీ అంచున పెట్టింది. "ఇయ్యి తాగండయ్యా, మేం కూడా తాగుతాం" అంది.

ఎమ్మెల్యేగారు చెంబు ఎత్తి పెదవులకి ఆనించారు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. ముఖ్యమైన ఫోనని చెప్పి చెంబు షావుకారు చేతిలో పెట్టి పక్కకి వెళ్ళారు. షావుకారు చెంబులోకి చూసి, డాక్టరు తనని చన్నీళ్ళు ముట్టుకోవద్దన్నాడని చెప్పి స్వామీజీకి అందించాడు. స్వామీజీ ఆ రోజు నిర్జల ఉపవాసమట. అయినా ఊరికే ఉండకుండా చెంబులో చెయ్యి ముంచి, మంత్రం చదివి, ఆ నీళ్ళు జనం నెత్తిన చల్లారు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

డి.ఈ.గారు నావైపు చూశారు. నేను స్టేజీ ఎక్కి, చెంబులో మిగిలినవి గటగటా తాగేశాను. వెనకనుంచి ఎవరో ముసలాయన, "జీతం తీసుకునేవాళ్ళు తాగక ఏం చేస్తార్లే" అన్నాడు. సభలో నవ్వు పుట్టింది. ఆ నవ్వు బిర్యానీ పొట్లాలు పంచేదాకా ఆగలేదు. సాయంత్రానికి ఆ చెంబు చేతులు మారిన వీడియో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చేరింది. ఎవరో దానికి పెళ్ళి సన్నాయి కలిపారు.

ఆ సభకి ముందు ట్యాంకు నీళ్ళు తాగే ఇళ్ళు నాలుగైదు ఉండేవి. సభ తర్వాత అవి కూడా మానేశాయి.

నేను మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళాను. పరీక్ష చేసిన కాగితాలు చూపించబోతే చేత్తో వద్దంది. నన్ను మాత్రం మర్యాదగానే కూర్చోబెట్టింది. అరుగు మీద ఆవిడ భర్త మమ్మల్ని చూడటానికి ఒళ్ళంతా తిప్పి, గోడకి ఆనుకుని, మా మాటలు వింటున్నాడు.

"మేడంగారూ, బోరు నీళ్ళు మమ్మల్ని మెల్లగా చంపుతున్నాయని మాకు తెలుసు. ఈయన్ని రోజూ లేపి కూర్చోబెట్టేది నేనేగా. కానీ అది తెలిసిన చావు. మీ నీళ్ళు మంచివని చెప్పేదెవరు? కాయ కాయని విత్తనం మంచిదన్నాయనే కదా."

ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది? ఒకసారి మోసం చేసినవాడు నిజం చెప్పినా అది మోసంలాగే వినపడుతుంది. ఆవిడ భర్త మాత్రం నేను లేచేటప్పుడు, ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయా అమ్మా అని అడిగాడు. ఉంటాయన్నాను. ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ కొంగుతో అరుగు తుడవటం మొదలుపెట్టింది.

అలా శీతాకాలం గడిచిపోయింది. తల మీద ట్యాంకు నిండా మంచినీళ్ళు, కింద మనుషులు విషం మోసుకుంటూ. మిరప కోతలు మొదలై, కాయలు ఆరబోసిన కళ్ళాలు ఎర్రబడ్డాయి. అప్పుడొచ్చింది ఎమ్మెల్యేగారి పీఏ ఫోను.

మర్నాడు షావుకారు గారి అమ్మాయి పెళ్ళి, స్వామీజీ ఆశ్రమం హాల్లో. రెండు ట్యాంకర్లు ట్యాంకు నీళ్ళు కావాలి. ఎవరూ లేవకముందే చీకటితో నింపి పంపెయ్యండి, ఊళ్ళో అనవసరంగా మాటలు వద్దు, అన్నాడు. ఆ నీళ్ళు దేనికని అడిగాను. వంటకీ, తాగటానికీ అన్నాడు. కాసేపటికి డి.ఈ.గారూ ఫోన్ చేసి, చూసుకోమ్మా అన్నారు. ఏం చూసుకోవాలో ఆయన చెప్పలేదు.

ఫోను పెట్టేశాక నాకు కోపం రావాలి. రాలేదు. కుర్చీలో కూర్చుని ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. అటెండరు తలుపు దగ్గర నిలబడి, టీ తేనా మేడం అని జాగ్రత్తగా అడిగాడు.

పెద్దల మాట కాదనే అధికారం నాకు లేదు. కానీ పనెప్పుడు జరగాలో కొంతవరకు ఏఈ చేతిలో ఉంటుంది. చీకటితో అయితే కరెంటు ఉండదు, పొద్దెక్కాకే మోటారు నడుస్తుందని పీఏకి చెప్పాను. మన కరెంటు గురించి అలా చెబితే ఎవరూ అనుమానించరు. ఇక దారి. ట్యాంకు నుంచి ఊరు తగలకుండా బయటినుంచే పోయే డొంక ఒకటుంది. అంతకుముందు రోజే పైపు జాయింటు కారుతోందని మా పనివాళ్ళు దానికి అడ్డంగా గొయ్యి తవ్వారు. ఆ సాయంత్రం పూడ్చాలి. తొందరేముంది, జాయింటు సరిగ్గా అతికిందో లేదో ఇంకో పూట చూసి పూడ్చండి అన్నాను. చూడాల్సిన జాయింటే అది, అబద్ధం కాదు. ఆపరేటరు నా మొహంలోకి చూసి, "ఊరి మధ్యనుంచే పోవాలన్నమాట" అన్నాడు. ఇంకేమీ అడగకుండా వాచీ సరిచేసుకున్నాడు.

కోతల కాలంలో ఆ ఊరి నడివీధి వీధి కాదు, కళ్ళం. రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, తాలు కాయలు ఏరుతుంటారు. ట్రాక్టరు ట్యాంకరు నిండా నీళ్ళతో ఆ వీధిలోకి వచ్చింది, ముందుకి పోవటానికి దారి లేక ఆగింది. నేను జీపులో వెనకే వచ్చి, స్కూలు గోడ పక్కన దిగాను. పని పర్యవేక్షణ నా బాధ్యత కదా.

మేస్త్రమ్మ లేచి వచ్చింది. డ్రైవరు పక్క మండలం కుర్రాడు, లోకం తెలియనివాడు. అడిగితే చెప్పకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఎక్కడికబ్బాయ్ ఈ నీళ్ళు?"

"పెళ్ళికమ్మా. మీ షావుకారుగారి అమ్మాయి పెళ్ళి."

"చేతులు కడుక్కోటానికా?"

"కాదమ్మా, వంటకి, తాగటానికి. బోరు నీళ్ళలో పప్పు ఉడకదని వంటమేస్త్రి గొడవ చేశాడంట. ఎమ్మెల్యేగారు, స్వామివారు అంతా ఆడనే భోంచేస్తారు. ఈ నీళ్ళే తెమ్మన్నారు."

కాయలు ఏరే చేతులు ఆగిపోయాయి. ఒకావిడ మిరప ఘాటుకి తుమ్మింది.

మేస్త్రమ్మ ట్యాంకరు వెనక్కి నడిచి, కుళాయి తిప్పి, మోచేతులదాకా కారం కడుక్కుంది. తర్వాత దోసిలి పట్టింది. వాసన చూసింది. ఒక గుక్క నోట్లో పెట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ మింగింది. మళ్ళీ పట్టుకుని తాగింది. ఈసారి ఆగకుండా, గడ్డం మీదినుంచి కారుతున్నా పట్టించుకోకుండా.

"ఆ రోజు చెంబుతో ఇస్తే తాగనోళ్ళు, ఇయ్యాళ ట్యాంకరేసుకుని వచ్చారు. బిందెలు తెండే" అంది.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. బిందెలు, బకెట్లు, స్కూలు పిల్లల క్యారేజీ గిన్నెలు కూడా వచ్చాయి. డ్రైవరు లబలబలాడుతూ షావుకారుకి ఫోన్ కలిపాడు. మేస్త్రమ్మ ఆ ఫోను తీసుకుని చాలా మర్యాదగా మాట్లాడింది.

"అయ్యగారూ, మీకు చన్నీళ్ళు పడవని డాక్టరు చెప్పాడుగా. మీ పెళ్ళోళ్ళకి కూడా పడవేమోనని మేమే తాగేస్తున్నాం."

ట్యాంకరు ఖాళీ అయింది. రెండో ట్యాంకరు ఊరి పొలిమేర నుంచే వెనక్కి తిరిగింది. పెళ్ళికి టౌను నుంచి నీళ్ళ డబ్బాలు తెప్పించారట. పప్పు ఉడికిందో లేదో నాకు తెలియదు, నన్ను పిలవలేదు.

ఆ సాయంత్రం కుళాయిల దగ్గర తగాదా జరిగింది. నా బిందె ముందంటే నా బిందె ముందని ఇద్దరు జుట్లు పట్టుకోబోయారు. ఉద్యోగమంతా కుళాయి తగాదాలు తీర్చి విసిగిపోయినదాన్ని, ఆ రోజు మాత్రం జీపు ఆపుకుని, సంగీత కచేరీ విన్నట్టు విన్నాను. చీకటిపడే వేళకి మేస్త్రమ్మ ఇంటి మీదుగా వెళ్తుంటే, అరుగు మీద ఆవిడ భర్త గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెంగా తాగుతున్నాడు. వంగిన నడుం ఇక నిటారుగా అవదు. నీళ్ళకి అంత శక్తి లేదు. అది ఆయనకీ తెలుసు.

మర్నాడు డి.ఈ.గారు పిలిపించారు. ఫోన్లు వచ్చినట్టున్నాయి, బీపీ మాత్ర టేబుల్ మీదే ఉంది. ట్యాంకరు ఊరి మధ్యనుంచి ఎందుకెళ్ళిందో సంజాయిషీ అడిగారు. జాయింటు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశారు.

"ఇప్పుడు తాగుతున్నారామ్మా?"

"తాగుతున్నారు సార్. చాలట్లేదంటున్నారు."

"అయితే ఆ జాయింటు బాగా అతికినట్టే" అని, మాత్ర వేసుకున్నారు. నీళ్ళ కోసం చూస్తే, నా బ్యాగులో ఆ ఊరి బాటిలే ఉంది. అదే ఇచ్చాను.

తర్వాత ఎమ్మెల్యేగారు వచ్చి, తాను తెచ్చిన నీళ్ళని ఊరు ఆదరించినందుకు ధన్యవాదాలు చెప్పి, కెమెరా ముందు రెండు గ్లాసులు తాగారు. ఈసారి ఫోను మోగలేదు. చూడటానికి మాత్రం ఎవరూ ఆగలేదు. కోతల కాలం కదా.

ఈ కథ చెబితే పిల్లలు పగలబడి నవ్వి, జనం భలే తెలివైనవాళ్ళు మేడం అంటారు. నవ్వండి, నేనూ నవ్వాను. కానీ ఆ చలికాలం అంతా ఆ ఊరి పిల్లలు తాగిన బోరు నీళ్ళు ఎవరి ఖాతాలో వేయాలి? మోసం చేసినవాళ్ళు ముగ్గురూ హాయిగా బాటిల్ నీళ్ళు తాగారు. ఎవర్నీ నమ్మని ఊరు మాత్రం ఫ్లోరైడు తాగింది. పెద్దల మాట చెడితే దాని ఖరీదు పెద్దలు కట్టరు. నేను చేసింది మాత్రం ఏమిటి? వాళ్ళ నమ్మకాన్నైతే గెలవలేదు. వాళ్ళ అపనమ్మకానికి సరైన దారి చూపించానంతే. పెద్దలు ఇచ్చేది చెడ్డదని వాళ్ళకి తెలుసు, పెద్దలు ఎత్తుకుపోయేది మంచిదని కూడా తెలుసు. ఆ రెండో సంగతి వాళ్ళ కళ్ళబడేట్టు చేశాను.

ఆ తర్వాత ఊరు ఇంకో పని చేసింది. ట్యాంకు గేటుకి వాళ్ళ తాళం వేసుకున్నారు. నీళ్ళ పరీక్ష తమ కళ్ళముందే చేయాలన్నారు. ఆపరేటరు బ్లీచింగ్ కలిపేటప్పుడు ముఠాలో ఎవరో ఒకరు పక్కన నిలబడి చూసేవాళ్ళు. మొదట్లో నాకు చివుక్కుమంది. ఇంత చేసిన నన్ను కూడానా అనిపించింది.

బదిలీ అయ్యాక చివరిసారి ట్యాంకు ఎక్కి, లోపల చూసి వద్దామని ఆ ఊరు వెళ్ళాను. మేస్త్రమ్మ గేటు దగ్గరే ఉంది. తాళంచెవి ఆవిడ కొంగున ఉంది. నన్ను చూసి నిండుగా నవ్వింది, వెళ్ళిపోతున్నారంట కదా అని నిజంగానే బాధపడింది. కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చింది. గేటు తియ్యమంటే మాత్రం తియ్యలేదు.

"మాది ఇద్దరుండాలని రూలు మేడంగారూ. మా ఊరోళ్ళే రెండో మనిషి రావాలి."

"నన్ను కూడానా అక్కా?"

"మిమ్మల్ని అని కాదు, ఎవర్నైనా."

మిట్టమధ్యాహ్నం ఎండ. దిబ్బ మీద నీడ లేదు. ఒంటి నిండా చెమట, చేతిలో ఖాళీ బోండం పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రమ్మ కళ్ళం వైపు తిరిగి, ఎవరినో పేరు పెట్టి కేక వేసింది. చాలాసేపటికి ఒక చిన్నావిడ చేతులకున్న కారం చీరకి తుడుచుకుంటూ, తొందరేం లేనట్టు దిబ్బ ఎక్కి వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "ఈవిడెవరు?" అంది.

"నీళ్ళ ఇంజనీరు."

"అయితే చెప్పులు విప్పి ఎక్కమను" అని గేటు పట్టుకుంది. చెప్పులు విప్పి ఎక్కాను.